డాక్టరమ్మ కారు హీటరు

పటాన్‌చెరు ఎండ తెలిసిన మనిషికి కారులో హీటరు ఎందుకో ఎంత చెప్పినా అర్థం కాదు. మేమూ నవ్వినవాళ్ళమే. బొంబాయి రోడ్డు పక్కన రేకుల కప్పు కింద మా షెడ్డు ఉండేది. ఎండాకాలంలో ఆ రేకుల కింద పానా పట్టుకుంటే అరచేయి చురుక్కుమనేది. అలాంటి చోటికి ఒక కారు తెచ్చి, ఇందులో మనుషులను వెచ్చబెట్టే పెట్టె పాడైంది, బాగుచెయ్యండి అంటే నవ్వు రాక ఏమొస్తుంది? అయితే అలా నవ్విన నేనే ఒక శుక్రవారం ఆ హీటరు ముందు కూర్చుని చలికాలంలో చెమటలు కక్కాను. ఎందుకంటే నా పెళ్ళి దానితో ముడిపడి ఉంది.

ఇది యాభైల నాటి మాట. ఇప్పుడు ఆ దారిలో ఎటు చూసినా ఫ్యాక్టరీ గోడలూ షిఫ్టు బస్సులూ. అప్పుడు షెడ్డు ముందు నిలబడితే బీరంగూడ గుట్ట దాకా జొన్నచేలే కనబడేవి. మా దగ్గరికి లారీలు వచ్చేవి, బస్సులు వచ్చేవి, కార్లు అరుదు. షెడ్డు మా ఉస్తాద్‌ది. ఆయన ఎవరో నవాబుగారి మోటార్ల దగ్గర పని నేర్చుకున్న మనిషి. నేను ఆయన దగ్గర నేర్చుకుని అప్పటికి ఆయనతో సమానంగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాను. ఎవరైనా నా గురించి అడిగితే మాత్రం ఆయన "వీడు ఇంక నేర్చుకుంటుండు" అనేవాడు. ప్రేమతోనే అనేవాడని నా నమ్మకం. అడిగితే ఒప్పుకునే మనిషి కాదు.

కారు సంగారెడ్డి డాక్టరమ్మది. బొల్లారంలో ఉన్న తెల్ల అధికారి ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ అమ్మేస్తే ఆమె కొనుక్కుంది. వాళ్ళ దేశంలో చలి ఎక్కువ కదా, అందుకని ముందు సీటులో కాళ్ళ దగ్గర ఒక చిన్న పెట్టె బిగించి ఉంది. ఇంజినులో కాగిన నీళ్ళు ఒక రబ్బరు గొట్టంలోంచి ఆ పెట్టెలోకి వచ్చి ఇంకో గొట్టంలోంచి తిరిగి వెళ్ళిపోతాయి. వెనకనున్న చిన్న ఫ్యాను గాలిని తోస్తే అది వెచ్చగా కాళ్ళకు తగులుతుంది. హీటరంటే అంతే.

డాక్టరమ్మకు అది షోకు కాదు. చలికాలం తెల్లవారుజామున ఇంద్రేశం నుంచో ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచో కబురొస్తే ఆమె కాన్పు చేయడానికి బయల్దేరేది. మా వైపు చలి తక్కువేం కాదు, ఆ వేళకు చేతులు కొంకర్లు పోతాయి. ఆమె దారి పొడుగునా చేతులు ఆ పెట్టె ముందు చాపుకుని కూర్చునేదట. చల్లటి చేతులతో పట్టుకుంటే పసిగుడ్డు ఉలిక్కిపడుతుందని అనేదట. ఈ సంగతి ఆమె డ్రైవరు చెప్పాక నేను హీటరును చూసి నవ్వడం మానేశాను.

ఆ డ్రైవరు కూతురినే మా అమ్మ నాకు అడిగి వచ్చింది. మాకు దూరపు చుట్టరికం ఉంది, అడగడంలో తప్పేమీ లేదు. ఆయన అవుననలేదు, కాదనలేదు. "సూద్దాం" అన్నాడు. ఆ చూడడం చాలా కాలం సాగింది. పిల్లను నేను ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడి దగ్గర చూశాను. నా చెవుల వెనక గ్రీజు అంటుకుని ఉందని పక్కనున్న పిల్లతో చెప్పి నవ్వింది. నాకు వినబడేటట్టే చెప్పింది. ఆ పూట నుంచి నాకు ఇంకో సంబంధం గురించి ఆలోచన లేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అంతకుముందు ఆయన షెడ్డుకు వస్తే అందరిలాగే "కాకా" అని పిలిచేవాణ్ణి. అమ్మ వెళ్ళి అడిగి వచ్చిన మర్నాడు ఉస్తాద్ నా చెవి మెలిపెట్టాడు.

"అరె దీవానా, కాకా అంటే ఆ పిల్ల నీకు చెల్లెలైతది. చుప్‌గుండు."

మరి మామా అందామంటే ఆయన ఇంకా పిల్లనిస్తానన్నది లేదు. అంత తొందరేంది పిలగా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని ఆయన్ని ఏమీ అని పిలవకుండా, దగ్గరికి వెళ్ళి నిలబడి మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. దూరంగా ఉంటే దగ్గేవాణ్ణి.

ఆ ఏడు చలి గట్టిగా పడింది. శుక్రవారం పొద్దున ఆయన కారును మెల్లగా నడిపించుకుంటూ షెడ్డులోకి తెచ్చాడు. బానెట్ మీద పూజ చేసిన పసుపు కుంకుమ బొట్లు ఇంకా చెదరలేదు. ఆ బొట్ల పక్కనుంచి పొగలు కక్కుతోంది. ఆయన దిగి తలుపు వేశాడు.

"బండికి రెండు రోగాలొచ్చినయ్ పిలగా. ఇంజినేమో కాలిపోతున్నది, ముల్లు ఎర్ర గీత దాటింది. హీటరేమో సల్లటి గాలి కొడుతున్నది. అమ్మ పాపం చేతులు కొంగుల చుట్టుకున్నది. ఆమె బస్సుల హైద్రాబాద్ పోయింది, పొద్దుగూకెటాళ్ళకు ఈడికే వస్తది. అప్పటికి కావాలె."

"అయితది" అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. "మీ అమ్మ అడిగిన సంగతి నాకు యాదుంది. ముందు బండి సంగతి తేల్చు. తర్వాత ఆ సంగతి."

ఇంత తేటగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. వెనక ఉస్తాద్ లేని దగ్గు తెచ్చుకుని దగ్గాడు.

నేను బానెట్ ఎత్తి, ఇంజిను చల్లారేదాకా చేతులు కట్టుకుని ఆలోచించాను. రెండు రోగాలని ఆయన అన్నాడు గానీ నాకు ఒకటే అనిపించింది. హీటరులోకి పోవలసింది ఇంజినులో కాగిన నీళ్ళే కదా. ఇంజిను అంత ఉడికిపోతుంటే హీటరు ఇంకా బాగా వేడెక్కాలి. చల్లగా ఉందంటే ఆ నీళ్ళు అక్కడిదాకా చేరడం లేదు. నీళ్ళు తక్కువై ఉండాలి, లేదా తోసేవాడు తోయడం లేదు, లేదా దారిలో ఏదో అడ్డం పడింది. ఇంట్లో పొయ్యి మీద అన్నం మాడిపోతుంటే పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఆకలితో అరుస్తున్నట్టు ఉంది ఆ కారు పరిస్థితి.

మూత తీసి చూస్తే నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఫ్యాను బెల్టు బిగుతుగానే ఉంది. ఇంజిను కాస్త తిప్పి చూస్తే నీళ్ళ పంపు తిరుగుతోంది. ఇంజిను తగినంత వేడెక్కేదాకా నీళ్ళను ఆపే చిన్న ఇత్తడి మూత ఒకటి లోపల ఉంటుంది, అది తెరుచుకోకపోయినా ఇంజిను ఇలాగే కాగుతుంది. దాన్ని విప్పి పక్కన చాయ్ హోటలుకు తీసుకెళ్ళి వేడినీళ్ళ గిన్నెలో వేశాను. హోటలాయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అది మాత్రం బుద్ధిగా తెరుచుకుంది. మనసులో దాన్ని కొంచెం తిట్టుకున్నాను, ఎందుకంటే దోషం దానిదే అని ఉస్తాద్‌తో గట్టిగా వాదించి ఉన్నాను.

ఇదంతా డ్రైవరు నా భుజం మీదుగా చూస్తూనే ఉన్నాడు. నా చేయి ఎక్కడికి పోతే ఆయన కళ్ళు అక్కడికి. ఆపరేషన్ చేస్తున్న డాక్టరు పక్కన రోగి తండ్రి నిలబడ్డట్టే. చివరికి ఆకలేసి రొట్టె మూట తీసుకుని చాయ్ హోటలు బెంచీ మీద కూర్చోవడానికి వెళ్ళాడు. నాకు ఊపిరాడింది.

అన్నీ మళ్ళీ బిగించి ఇంజిను నడిపించి, ఈసారి కళ్ళను నమ్మకుండా చేత్తో తడిమాను. హీటరులోకి పోయే గొట్టం ముట్టుకుంటే చేయి కాలింది. తిరిగి వచ్చే గొట్టం బావిలోంచి తీసినట్టు చల్లగా ఉంది. రేడియేటర్ పైభాగం నిప్పు, కింద అక్కడక్కడా చల్లటి మచ్చలు. ఇక సందేహం లేదు, రెండు చోట్లా దారి పూడిపోయింది. ఇంజిను ఆపి, చల్లారాక హీటరు గొట్టాలు రెండూ ఊడదీశాను. ఒక వైపు నుంచి చక్రాలకు గాలి కొట్టే పంపు పెట్టి కొట్టాను. ముందు ఏమీ రాలేదు. ఇంకా బలంగా కొడితే రెండో వైపు నుంచి పసుపుపచ్చటి బురద ముద్దముద్దగా జారి నా ఒళ్ళో పడింది.

తుప్పయితే ఎర్రగా ఉండాలి. సున్నమైతే తెల్లగా ఉండాలి. ఇది వంటింటి వాసన వేస్తోంది.

రేడియేటర్ కారితే చిటికెడు పసుపు వేయడం మా రోడ్డు మీద లారీ డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే. వేడినీళ్ళలో పసుపు ఉబ్బి చిన్న చిల్లును పట్టేస్తుంది. నేనే ఎంతమందికో వేశాను. కానీ ఇది చిటికెడు కాదు, దోసెడు. పైగా ఆ బురదను ఉస్తాద్ వేలితో కెలికి ఒక మెతుకు బయటికి తీశాడు. బియ్యపు గింజ, ఉడికి ఉబ్బి ఉంది. ఇంకా కెలికితే ఇంకొన్ని. అక్షింతలు!

అప్పుడు తెలిసింది. ప్రతి శుక్రవారం బండికి పూజ చేశాక పళ్ళెంలో పసుపూ అక్షింతలూ కొంచెం మిగులుతాయి. దేవుడి పసుపు తొక్కుళ్ళలో పడకూడదు. ఎప్పుడో రేడియేటర్ కారినప్పుడు చిటికెడు పసుపు వేస్తే ఆగిపోయి ఉంటుంది. అప్పటినుంచి మిగిలిన పసుపంతా ఆయన రేడియేటర్‌లోనే పోస్తున్నాడు. దేవుడికీ మర్యాద, బండికీ మందు. నిజానికి మంచి ఆలోచనే, బండి ఒక్కటే ఒప్పుకోలేదు.

ఉస్తాద్ నోరు గుడ్డతో మూసుకుని వంగి వంగి నవ్వాడు. "బండికి మీ మామ బోనం పెట్టిండు బేటా!"

నాకు నవ్వు రాలేదు. ఆ పళ్ళెం సర్దేది ఆ పిల్లే అయి ఉంటుంది. కాబోయే పెళ్ళాం చేతి పసుపు నా గోళ్ళ నిండా ఉంది, దాని వల్లే ఆమె నాకు దక్కకుండా పోయేటట్టుంది. బండి పాడు చేసింది నువ్వే అని ఆ పెద్దమనిషికి ఎలా చెప్పను? బండిని ఆయన ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటాడు, అందరికీ తెలుసు. అలా చెప్పినవాడికి పిల్లనిస్తాడా?

"తుప్పు అని చెప్పు. పాత బండి, తుప్పు పట్టింది. కథ ఖతం" అన్నాడు ఉస్తాద్, జుమ్మా నమాజుకు బయల్దేరుతూ చేతులు కడుక్కుంటూ.

"నమాజుకు పోతూ అబద్ధం చెప్పుమంటున్నవా ఉస్తాద్?"

"నేనెక్కడ చెప్తున్న? చెప్పేది నువ్వు."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను హోటలు నుంచి వేడినీళ్ళు తెచ్చి, బట్టల సోడా కలిపి, హీటరులోకీ రేడియేటర్‌లోకీ ఎదురు దిక్కు నుంచి పంపించాను. పసుపు నీళ్ళు కాలువ కట్టి రోడ్డు వార దాకా పారాయి. దారిన పోయే ముసలామె ఎవరింట్ల పెళ్ళి అని అడిగింది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నీళ్ళు తేటపడేదాకా కడిగి, రేడియేటర్ కారే చోట సీసం కరిగించి మాటు వేశాను. మంచినీళ్ళు నింపి, లోపలి గాలి బుడగలన్నీ పోయేదాకా మూత తెరిచి ఇంజిను నడిపించాను. ఆ తర్వాత సీటు కింద వంగి హీటరు ముందు చేయి పెడితే వెచ్చటి గాలి అరచేతికి తగిలింది. పైన ముల్లు నడుమనే నిలబడింది. అంత సంతోషం నాకు ఆ షెడ్డులో మళ్ళీ ఎన్నడూ కలగలేదు. బురదను మాత్రం పారబోయలేదు, ఒక పాత డబ్బాలో ఉంచాను. ఎందుకు ఉంచానో అప్పటికి నాకే తేలలేదు.

పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ బస్సు దిగింది. డ్రైవరు పరుగున వెళ్ళి ఆమె సంచీ అందుకున్నాడు. ఆమె కారులో కూర్చుని, చేతులు చాపి చూసుకుని, చిన్నపిల్లలా నవ్వింది.

"ఏమైంది దీనికి?" అని అడిగింది నన్ను. డ్రైవరు ఆమె పక్కనే ఉన్నాడు.

"నీళ్ళు పోయే దారి పూడుకపోయిందమ్మా. కడిగిన. కారే దగ్గర మాటు వేసిన. ఇగ ఫికర్ లేదు."

"ఎందుకు పూడింది?"

గోళ్ళలో పసుపు కనబడకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "శానా రోజుల సంది లోపల పేరుకున్నదమ్మా."

అది అబద్ధం కాదు. ఆమె తల ఊపి, షెడ్డు వెనక ఉస్తాద్ ఇంట్లో ఆయన భార్యకు వొంట్లో ఎలా ఉందో చూసి వస్తానని వెళ్ళింది. మేమిద్దరమే మిగిలాం.

ఆయన తృప్తిగా బానెట్ నిమిరాడు. తర్వాత జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. పొద్దుటి పూజలో మిగిలిన పసుపు, అక్షింతలు.

"కొత్తగ కడిగినవ్ గద. దేవుని పేరు మీద జెర మందు పోస్త" అని, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పాడు.

నేను చేయి పట్టుకున్నాను. "వద్దు మామా!"

ఆ పిలుపు ఎలా వచ్చిందో వచ్చేసింది. ఆయనా విన్నాడు. నా చేతిలో ఆయన మణికట్టు అలాగే ఉంది.

"ఎందుకొద్దు?"

ఇక తుప్పు మాట నోటికి రాలేదు. చెప్పినా ఏం లాభం, వచ్చే శుక్రవారం మళ్ళీ పోస్తాడు, డాక్టరమ్మ చేతులు మళ్ళీ కొంగులో చుట్టుకుంటుంది. డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"లోపల పూడుకున్నది ఇదే. గీ బియ్యం గింజలు సూడు. ప్రతి శుక్రారం పోసిన పసుపే ఇది. చిటికెడైతే మందు మామా. ఇంత పోస్తే దానికి ఊపిరాడలే."

ఆయన డబ్బాలోకి చూశాడు. వేలితో ఒక గింజ తీసి నలిపాడు. మొహం నల్లబడింది.

"దేవుని పసుపు కాళ్ళల్ల పారెయ్యమంటవా?"

"కాళ్ళల్ల ఎందుకు, తులసి మొదట్ల వెయ్. చేద బావి కాడ చెట్టుకు పొయ్. బండి నోట్ల మాత్రం వద్దు."

ఆయన వేలు తువ్వాలకు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు. "అమ్మకు గీ సంగతి చెప్పినవా?"

"లేదు."

"ఎందుకు చెప్పలే?"

"ఆమె బండి బాగైంది, ఆమెకు గంతే కావాలె. ఇది నీకు చెప్పే మాట."

పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూత బిగించాడు. డాక్టరమ్మ రాగానే నాతో "నువ్వు గూడ ఎక్కు. దారిల ఏమన్న అయితే చూస్తవ్" అని మాత్రం అన్నాడు.

సంగారెడ్డి దాకా వెనక సీటులో పానాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు డాక్టరమ్మ చేతులు చాపుకుని వెచ్చగా కబుర్లు చెబుతోంది. ఆయన ఊఁ కొడుతున్నాడు. అద్దంలో ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ముల్లు నడుమ నుంచి కదల్లేదు. బండి పాసైంది, నేను తప్పాను అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఇంకో పక్క, చేసింది సరైన పనేనన్న ధీమా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉంటాయని ఆ రోజే తెలిసింది.

డాక్టరమ్మను దింపి, కారు ఆమె ఆవరణలో పెట్టి, ఆయన ముందు నడుస్తుంటే నేను వెనక నడిచాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆ సందులోనే వాళ్ళ ఇల్లు. దీపాలు పెట్టే వేళ. ఆయన భార్య గడపలో నిలబడి ఉంది.

"బండి బాగైందా?" అని అడిగింది.

"బాగైంది. రోగం తెచ్చింది నేనే. మన శుక్రారం పసుపు పోయి లోపల గడ్డకట్టింది."

ఆమె చేయి నోటి మీద పెట్టుకుంది. "అయ్యో! అమ్మకు తెలిసిందా? ఏమన్నది?"

"తెలువది. గీ పిలగాడు ఆమె ముందర నా ఇజ్జత్ తియ్యలే. నా ముందర అబద్ధం చెప్పలే. సందు దొరికితే నలుగుర్ల చెప్పుకొని పెద్దోడైతరు మస్తు మంది. వీడు నా చెయ్యి పట్టుకొని నాకే చెప్పిండు." ఆయన నా వైపు తిరిగాడు, ఆ సాయంత్రం అదే మొదటిసారి. "రేపు మన బిడ్డ ఏదన్న తప్పు చేస్తే గూడ గంతే. బయట అనడు, కడుపుల దాసుకోడు. దానికే చెప్తడు. ఇగ చూసేదేముంది? వాళ్ళమ్మకు కబురు పంపు."

నేను అంత దూరం ఆలోచించి చేసింది కాదు. పోస్తుంటే చేయి పట్టుకున్నాను, అంతే. ఆయన నాకు ఆపాదించిన ఆ మంచి గుణం అప్పటికి నాలో ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. కానీ ఆ గడపలో అంత గట్టిగా ఉందని అనేశాక, లేకుండా బతకడం నావల్ల కాలేదు.

అప్పుడు లోపలి నుంచి, చీకట్లోంచి, ఆ పిల్ల గొంతు వినబడింది.

"మరి తప్పు ఆయన చేస్తే ఎవరు చెప్పాలె నాయినా?"

వాళ్ళమ్మ "ఉష్" అంది. ఆయన నవ్వాడు. పొద్దుట్నుంచి ఆపుకున్నదంతా ఆ నవ్వులో బయటికి వచ్చింది.

"నువ్వే చెప్పాలె బిడ్డా. ఇంకెవరు చెప్తరు?"

ఆయన ఇచ్చిన ఆ హక్కును ఆమె ఇన్నేళ్ళ సంసారంలో ఒక్క పూట కూడా వదులుకోలేదు. నలుగురిలో మాత్రం నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు.